అరిగిన ఒళ్ళకు రెండు కొలతలు

రాయలసీమ కథ మీద మనం చాలా రాసుకున్నాం. కరువు గురించి రాశాం, ఫ్యాక్షన్ గురించి రాశాం, వలస గురించి రాశాం, నీళ్ళ విషయంలో జరిగిన అన్యాయం గురించి రాశాం. కథలో వర్గదృష్టి వుందా లేదా, మాండలికం ఎంతవరకు పనికొస్తుంది అని సభలు పెట్టుకుని వాదించుకున్నాం. అవన్నీ అవసరమైన చర్చలే. కాని ఈ కథలన్నింటిలోనూ ఎదురుగా కనిపిస్తూనే విమర్శకుడి కంట పడకుండా తప్పించుకుంటున్న విషయం ఒకటుంది. అది మనుషుల ఒళ్ళు, ముఖ్యంగా ముసలివాళ్ళ ఒళ్ళు. పని చేసి చేసి అరిగిన మోకాలు, వంగిపోయిన నడుము, పట్టుకుపోయిన భుజం. వీటిని మన కథకులు ఎట్లా చూస్తున్నారు? మగవాడి అరుగుదలను చూసే చూపూ ఆడమనిషి అరుగుదలను చూసే చూపూ ఒకటేనా?

ఒకటి కాదని నా అభిప్రాయం. మన కథల్లో మగవాడి ఒళ్ళు పనివల్ల అరుగుతుంది, ఆడమనిషి ఒళ్ళు వయసువల్ల అరుగుతుంది. అతని ముసలితనానికి చరిత్ర వుంటుంది. ఆమె ముసలితనానికి వర్ణన మాత్రమే వుంటుంది. అభ్యుదయ సాహిత్యంలో కూడా ఇట్లా వుండటం చిన్న లోపం కాదు. శ్రమను గుర్తించడమే తన పునాది అని చెప్పుకునే సాహిత్యం, శ్రమ చేసినవాళ్ళలో సగంమంది శ్రమను తీసి ప్రకృతి ఖాతాలో రాసేస్తున్నదన్నమాట.

సీమ కథల సంకలనం ఏదైనా తీసి ఈ దృష్టితో ఒకసారి చదవండి. కథలోకి తాత వచ్చినప్పుడు ఆయన అరచేతుల్లో కాయలు కనిపిస్తాయి. ఆ కాయల వెనక మడక మేడి వుంటుంది, కపిల తోలిన రోజులుంటాయి, ఏ ఏడు బావి ఎండిపోయిందో, ఏ ఏడు ఎద్దుల్ని సంతకు తోలారో ఆ లెక్క వుంటుంది. ఆయన దగ్గు కూడా ఒక కథ చెప్తుంది. అదే కథలోకి అవ్వ వచ్చినప్పుడు ముడతలు వస్తాయి, తెల్లజుట్టు వస్తుంది, బోసినోరు వస్తుంది, వక్కాకు దంచుకునే చిన్న రోలు వస్తుంది, కోడలిమీద సణుగుడు వస్తుంది. ఆమె నడుము వంగి వుంటుంది. ఎందుకు వంగిందో కథకుడు చెప్పడు. ముసలిది కాబట్టి వంగింది, అంతే. తాతది రచ్చకట్ట, అవ్వది ఇంటి మూల. 'మూలనున్న ముసలమ్మ' అనే మాట నాలుకమీద వున్నంత సులువుగా కలంలోకి కూడా వచ్చేస్తున్నది. నేను పేర్లు చెప్పి ఎవరినీ దోషులుగా నిలబెట్టడం లేదు. ఇది ఒకరిద్దరి అలవాటు కాదు. మంచి కథకుల్లో కూడా తెలియకుండా పనిచేస్తున్న సంస్కారం.

దీని వేర్లు లోతుగా వున్నాయి. నన్నయ ఆదిపర్వంలో యయాతి కథ మనమందరం చదువుకున్నదే. శుక్రుడి శాపంతో రాజుకు అకాలంలో ముసలితనం వస్తుంది. దాన్ని తీసుకుని యౌవనం ఇమ్మని కొడుకుల్ని అడుగుతాడు. మిగతావాళ్ళు ఒప్పుకోరు, పూరుడు ఒప్పుకుంటాడు. ముసలితనం ఎంత బరువైనదో, దాన్ని ఎవరు మోయాలో అన్న చర్చ అంతా తండ్రీకొడుకుల మధ్య సాగుతుంది. కొడుకు యౌవనంతో రాజు వేయేండ్లు భోగించాడు సరే. ఆ కాలమంతా దేవయానికీ శర్మిష్ఠకూ ఏమయింది? వాళ్ళ ముసలితనాన్ని ఎవరు తీసుకున్నారు? కథకు ఆ ప్రశ్నే లేదు. ముసలితనం అనేది పురుషుడికి సంభవించే ఒక ఘటన. స్త్రీకి అది స్వభావం. ఈ చూపు రాజులతో పాటు పోలేదు. మన పల్లెకథ దాకా నడిచి వచ్చింది.

సీమ నేలమీద పుట్టిన ఇంకొక గాథ చూడండి. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగబోతే ఊరిని కాపాడటానికి తనను తాను బలి ఇచ్చుకున్న కోడలి కథ మీద కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము' రాశాడు. పేరు ముసలమ్మే గాని ఆమె పడుచు. కట్ట నిలవడానికి ఆమె శరీరం ఆసరా అయింది, అందుకు ఆమెకు కావ్యం దక్కింది. బాగానే వుంది. కాని ఈ సీమలో కట్టలన్నీ బలులతో నిలవలేదు. తట్టలతో నిలిచాయి. 1876-78 నాటి దారుణమైన కరువు నుంచి మొదలుపెట్టి ఎన్ని కరువు పనుల్లో ఎంతమంది ఆడవాళ్ళు మట్టితట్టలు నెత్తిన పెట్టుకుని ఆ కట్టలెక్కారు! బలికాకుండా బతికి, మెడ నరాలు పట్టుకుపోయి, నిజంగానే ముసలమ్మలైన ఆ ఆడవాళ్ళకు కావ్యం లేదు. ఒక్కసారిగా పోయే ప్రాణానికి వున్న విలువ, నలభై ఏండ్లపాటు కొంచెం కొంచెంగా పోయే ఒంటికి సాహిత్యంలో రాలేదు.

ఆధునిక కవిత్వం ఈ స్థితిని కొంత మార్చింది. శ్రీశ్రీ 'భిక్షువర్షీయసి' రాసి, దారిపక్కన కూర్చున్న ఒక ముసలి బిచ్చగత్తెను తెలుగు కవిత్వం నడిమధ్యకు తెచ్చాడు. ఆమె చావుకు బాధ్యులెవరని సమాజాన్ని నిలదీశాడు. ఇది సామాన్యమైన విషయం కాదు. అయినా ఆ కవితలో మనకు కనిపించేది ఆమె దైన్యం. ఆమె గతం కనిపించదు. బిచ్చానికి దిగకముందు ఆమె చేతులు ఏం పని చేశాయో మనకు తెలియదు. దీనికి పక్కన కాళీపట్నం రామారావు 'యజ్ఞం' పెట్టి చూడండి. అప్పల్రాముడి ముసలితనం వెనక అప్పు చరిత్ర వుంది, ఊరి ఆర్థిక చరిత్ర వుంది. ఒకటి కవిత, ఒకటి పెద్దకథ, రెంటినీ పోల్చకూడదు అనవచ్చు. నిజమే. ప్రక్రియ భేదాన్ని తీసేసినా ఒక తేడా మిగులుతుంది. ముసలివాడిని చూస్తే మనకు కారణం వెతకాలనిపిస్తుంది, ముసలిదాన్ని చూస్తే జాలి పడాలనిపిస్తుంది. జాలి ఎంత మంచిదైనా కారణానికి బదులు కాదు.

ఇక కథల్లోంచి నేలమీదికి వద్దాం. కర్నూలు, కడప ప్రాంతాల్లో పని ఒంటిని ఎట్లా అరగదీస్తుంది? మగవాడి పని ఎక్కువగా ఎత్తేది, మోసేది, తవ్వేది, దున్నేది. ఆడమనిషి పని ఎక్కువగా వంగేది, కూర్చునేది, ఏరేది. శెనక్కాయ చేలో కలుపు తీయాలంటే తొలిక పట్టుకుని పొద్దుగూకేదాకా గొంతుకూర్చుని జరగాలి. ఆదోని పక్క పత్తి ఏరేది ఆడవాళ్ళే. కోసిగి, పెద్దకడుబూరు వైపు నుంచి గుంటూరు మిరపచేలకు వలసపోయే బండ్లలో ఆలుమగలిద్దరూ పోతారు గాని, పొద్దంతా కాయ కోసి వచ్చినాక పొయ్యి ముందర కూర్చోవాల్సింది మాత్రం ఒక్కరే.

ఇందులో ఒక చారిత్రక విషయం మన కథకులు గమనించినట్టు లేదు. యంత్రం మొదట మగవాడి ఒంటిమీది బరువునే దించింది. మోటారు వచ్చి కపిలను తీసేసింది. ట్రాక్టరు వచ్చి మడకను తీసేసింది. పిండిమర వచ్చి తిరగలిని తీసేసిన మాట నిజమే, 1999 తర్వాత దీపం పథకం గ్యాసుపొయ్యి కొంత పొగను తీసేసిన మాటా నిజమే. కాని చేలో ఆడమనిషి నడుమును ఎత్తి నిలబెట్టిన యంత్రం పెద్దగా రాలేదు. కలుపుమందు కొన్నిచోట్ల వచ్చింది. అది నడుమును లేపిందేమో గాని కూలిని కూడా లేపేసింది. పత్తి, మిరప ఇప్పటికీ చేతులే తీస్తున్నాయి. కపిల పోయిందని తాత గురించి విషాదకథలు వచ్చాయి. పోని తొలిక గురించి కథ ఏదీ?

మా బడి వున్న ఊళ్ళో అరవై దాటిన ఒక అవ్వ నడుము దాదాపు నేలకు సమంగా వంగి నడుస్తుంది. ఒకరోజు పంచాయతీ కొళాయి దగ్గర ఎవరో పిల్లవాడు ఆమెను చూసి నవ్వితే నేను మందలించాను. ఆమెకు కోపం రాలేదు. "నవ్వనీలే సారూ. యాబై ఏండ్లు వొంగి వొంగి కలుపు తీసినా. ఇప్పుడు నిటారుగా నిలబడమంటే యాడ నిలబడేది నాయనా" అంది. ఆమె తన ఒంటికి తానే చెప్పుకున్న వ్యాఖ్యానం ఇది. ఆమె వయసు అనలేదు, పని అంది. మన కథకుడు వయసు అంటున్నాడు.

అంటే అంతా పనివల్లనే, ప్రకృతి భేదం ఏమీ లేదు అని నేననడం లేదు. అట్లా అంటే అది శాస్త్రం కాదు, నినాదం అవుతుంది. భేదం వుంది. మగవాడి ఎముక మొదటినుంచీ కొంత బరువైనది, వయసుతోపాటు మెల్లగా తరుగుతుంది. ఆడమనిషికి ముట్లుడిగిన తర్వాత అయిదు నుంచి పదేండ్లలో ఎముక వేగంగా తరుగుతుంది. మన దేశంలో సగటున నలభై ఆరు నలభై ఏడేండ్లకే ముట్లుడుగుతాయి. యాభై దాటాక మోకీళ్ళ అరుగుదల ఆడవాళ్ళలో ఎక్కువ. గుండెజబ్బు మగవాడికి సుమారు పదేండ్లు ముందుగా వస్తుంది. గిలక దిగడం మగవాడి బాధ, గర్భసంచి జారడం ఆడమనిషి బాధ. ఇంతవరకు ప్రకృతి.

కాని ప్రకృతి ఎక్కడ ముగుస్తుందో సమాజం ఎక్కడ మొదలవుతుందో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏండ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులు. మగవాళ్ళలో అది అయిదోవంతు కూడా లేదు. ఒకే ఇంట్లో ఒకే చట్టిలో వండిన సంగటి తిన్న ఇద్దరికీ ఈ తేడా ఎక్కడిది? నెలనెలా రక్తం పోవడం, కాన్పులు ప్రకృతి. అందరూ తిన్నాక చట్టి అడుగున మిగిలింది తినడం ప్రకృతి కాదు. అదే సర్వే ప్రకారం పెండ్లయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మందికి పిల్లలు కాకుండా ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్ చేయించుకున్న మగవాళ్ళు ఒక శాతం కూడా లేరు. మగవాడికి చేసే ఆపరేషన్ చిన్నది, తేలికైనది అని డాక్టర్లందరూ చెప్తారు. అయినా కత్తి ఎవరి కడుపు మీద పడుతున్నదో చూడండి.

దీనికి మించినది ఇంకొకటుంది. 2015-16 సర్వేలో 15-49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్ళు దేశమంతటా సగటున 3.2 శాతం అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. రాష్ట్రాలన్నింటిలో ఇదే ఎక్కువ. కడుపునొప్పి అని పోయిన కూలిమనిషి ముప్పై అయిదేండ్లకు గర్భసంచి లేకుండా ఇంటికి వస్తున్నది. సంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే, పదీపన్నెండేండ్ల తర్వాత రావాల్సిన ముట్లుడిగిన దశ ఆ రోజే వస్తుంది. ఎముక ఆ రోజునుంచే తరుగుతుంది. యాభై ఏండ్లకు ఆమె డెబ్భై ఏండ్ల అవ్వలా కనిపిస్తే అది వయసా? యయాతికి శాపంవల్ల అకాల వార్ధక్యం వచ్చింది, దానిమీద ఉపాఖ్యానం పుట్టింది. ఈమెకు కత్తివల్ల వచ్చిన అకాల వార్ధక్యం మీద కథలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ఆడవాళ్ళే మగవాళ్ళకంటే ఎక్కువకాలం బతుకుతున్నారు కదా, మరి ఎవరి ఒళ్ళు ఎక్కువ అరిగినట్టు అని. న్యాయమైన ప్రశ్న. మన పల్లెల్లో ముసలి విధవలు కనిపించినంతగా ముసలి విధురులు కనిపించరు. మగవాడు ముందు పోతున్నాడు. బీడీ, సారా, గుండెపోటు, బోరుబావి అప్పుకు తాగిన పురుగుమందు అతన్ని తీసుకుపోతున్నాయి. బేతంచెర్ల బండల ఫ్యాక్టరీల్లో, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు రాతిగనుల్లో పనిచేసినవాడి ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుంటున్నది. స్థూలంగా చెప్పాలంటే మగవాడు విరుగుతున్నాడు, ఆడమనిషి అరుగుతున్నది. విరగడం అందరికీ వినిపిస్తుంది. అరగడానికి చప్పుడు వుండదు. ఆమె ఎక్కువకాలం బతుకుతున్నది నిజమే, ఆ ఎక్కువకాలమంతా నొప్పితో బతుకుతున్నది, అదికూడా నిజమే.

మగవాడి విషయంలోనైనా మన కథ పూర్తి న్యాయం చేసిందా అంటే చేయలేదు. అతని ఒంటిని బలంగానే చూసింది, బలం పోయినప్పుడు విషాదంగా చూసింది. రాత్రి నాలుగుసార్లు లేచి మూత్రానికి పోయే తాత, గిలక దిగి పంచె బిగించి కట్టుకుని ఎవరికీ చెప్పకుండా మూటలు మోసే హమాలీ, చెవులు వినపడక పంచాయతీలో మాట పోగొట్టుకున్న పెద్దమనిషి కథల్లో తక్కువ. ఫ్యాక్షన్ కథల్లోనైతే మగవాడికి ఒళ్ళు వుండదు, మీసమే వుంటుంది. మగవాడు నొప్పి చెప్పుకోకూడదు, ఆడది చెప్పుకున్నా వినకూడదు. రెండూ ఒకే భూస్వామ్య సంస్కారం పెట్టిన కట్టుబాట్లు.

స్త్రీవాద సాహిత్యం ఈ మౌనాన్ని బద్దలుకొట్టలేదా అంటే, కొట్టింది. దాని చారిత్రక పాత్రను తక్కువ చేయకూడదు. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్', 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం, ఓల్గా 'రాజకీయ కథలు' స్త్రీ శరీరాన్ని తెలుగు సాహిత్యంలో చర్చనీయాంశం చేశాయి. శరీరం గురించి రాయడం బూతు కాదు, రాజకీయం అని నేర్పాయి. అయితే అక్కడ ప్రధానంగా కనిపించే శరీరం కనే వయసులోనిది, కోరికల వయసులోనిది. కనడం అయిపోయాక శరీరం ఏమవుతుంది? కాన్పుగది కవిత్వంలోకి వచ్చింది గాని, ముప్పై ఏండ్ల తర్వాత ఆ కాన్పుల ఫలితంగా దగ్గినప్పుడల్లా చీర తడుపుకునే అవ్వ అంతగా రాలేదు. ఇది ఆ ఉద్యమం మీద నింద కాదు. అది తెరిచిన దారిలో మనం వేయాల్సిన తర్వాతి అడుగు.

ఆ అడుగు ఎట్లా వుంటుందో చూపించే ఉదాహరణ మన సీమది కాదు, తెలంగాణది. అయినా ఎమ్మిగనూరు, ప్రొద్దుటూరు, మాధవరం మగ్గాలు తెలిసిన మనకు అది దూరం కాదు. ఆలేరు ప్రాంతంలో చింతకింది మల్లేశం అనే నేతకార్మికుడి తల్లి, పోచంపల్లి చీరకు ఆసు పోసేది. ఒక్క చీరకు సుమారు తొమ్మిదివేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. ఆమె భుజం పట్టుకుపోయింది. అది చూసిన కొడుకు ఏండ్లతరబడి కష్టపడి 1999 నాటికి ఆసుయంత్రం తయారుచేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో 'మల్లేశం' సినిమా వచ్చింది. అందరూ ఆ కొడుకు ప్రతిభను మెచ్చుకున్నారు. నేను మెచ్చుకునేది దానికంటే ముందున్న విషయాన్ని. అమ్మ భుజం నొప్పిని ఆయన వాతం అనలేదు, వయసు అనలేదు. తొమ్మిదివేల సార్లు అని లెక్కపెట్టాడు. ఆ లెక్క దొరికాకే యంత్రం దొరికింది. కథకుడు చేయాల్సింది కూడా మొదట ఈ లెక్కే.

ఈ లెక్క మరిచిపోవడం పిల్లల దాకా వచ్చింది. మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలను తాత ఏం పనిచేసేవాడో, అవ్వ ఏం పనిచేసేదో రాసుకురమ్మన్నాను. తాత గురించి అందరూ నాలుగైదు వాక్యాలు రాశారు. అవ్వ గురించి ఎక్కువమంది రాసిన వాక్యం ఒకటే. "మా అవ్వ ఇంట్లో వుండేది." వాళ్ళలో చాలామంది అవ్వలు ఇప్పటికీ కూలికి పోతున్నారు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధిహామీ పనుల్లో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకే కూలి అన్నారు. మస్టరులో అవ్వ పేరు తాత పేరుతో సమానంగా ఎక్కింది. మనవడి కాపీబుక్కులోకి మాత్రం ఎక్కలేదు. ఆ పిల్లవాడు రేపు కథకుడైతే ఏం రాస్తాడో వూహించుకోవచ్చు.

అయితే జబ్బుల జాబితాలు కథలు కావు. కడపనుంచి 'సంవేదన' నడిపిన రా.రా. మనకు నేర్పిన పాఠం ఇదే. వస్తువు గొప్పదైనంత మాత్రాన కథ గొప్పది కాదు, అది పాఠకుడి అనుభవం కావాలి. ముసలామె మోకాలు నొప్పి గురించి రెండు పేజీలు రాసినా, గర్భసంచి ఆపరేషన్ల లెక్కలు పాత్రల నోట చెప్పించినా అది కరపత్రం అవుతుంది. అవ్వ చేత కన్నీళ్ళు పెట్టించి జాలి పుట్టించడమూ పరిష్కారం కాదు. నేను కోరేది చిన్నది. కథలో వంగిన నడుము కనిపిస్తే అది ఏ చేలో వంగిందో రచయితకు తెలిసి వుండాలి. చెప్పినా చెప్పకపోయినా తెలిసి వుండాలి. తెలిసినవాడు వాడే విశేషణం వేరు, తెలియనివాడు వాడే విశేషణం వేరు. 'ముడతలు పడిన' అనే మాట ఎవరైనా రాస్తారు. లేచేటప్పుడు మోకాలి మీద చెయ్యి ఆనించే ముందు ఆమె ఒక్కక్షణం ఆగే ఆగడం, చూసినవాడే రాస్తాడు.

మన భాష ఈ విషయంలో మనకంటే న్యాయంగా వుంది. రెక్కాడితేగాని డొక్కాడదు అన్నప్పుడు ఆ రెక్క మగదా ఆడదా అని తెలుగు చెప్పలేదు. రెక్కలు ముక్కలు చేసుకోవడం ఇద్దరికీ సమానంగా ఇచ్చింది. దాన్ని ఒకరికే కేటాయించింది రచయితలం మనమే.

కొత్తగా రాస్తున్న మిత్రులు ఎక్కువమంది ఈ పల్లెల నుంచే వస్తున్నారు. వాళ్ళ ఇండ్లలోనే జేజమ్మలు, అవ్వలు వున్నారు. వాళ్ళను ముగ్గులు, పాటలు, సామెతలు అడిగి రాసుకున్నది చాలు. ఏ వయసులో కూలికి దిగారు, రోజుకు ఎన్ని కడవల నీళ్ళు ఎంతదూరం మోశారు, ఎన్నో కాన్పు తర్వాత ఎన్నో రోజున చేలోకి పోయారు, మొదటిసారి మోకాలు ఎప్పుడు మొరాయించింది అని అడగండి. వాళ్ళకు ఇవన్నీ గుర్తున్నాయి. అడిగినవాళ్ళే లేరు. వాళ్ళు వుండగానే అడగాలి.